సాలమాంకా బాల్కనీకి కట్టిన తాడు

"కట్టకు అమ్మమ్మా, నీకు దండం పెడతాను, కట్టకు!"

"కడితే ఏటవుద్దే? తాడే కదా, తుపాకీ కాదు."

"ఇది మన రంగూన్ లత పేట కాదు. ఇక్కడ బాల్కనీకి ఏటీ వేలాడకూడదు. చేతిరుమాలు ఆరేసినా ఫైన్ వేస్తారు. ఓనరమ్మ ముందే చెప్పింది."

"మీ ఓనరమ్మకి మోకాళ్ళు లేవేటి? తొంబై ఎనిమిది మెట్లు! నాను లెక్కెట్టాను. నువ్వు ఆపీసుకి ఎల్లిపోతే రొట్టి ఎవులు తెస్తారు, ఆవిడ తెస్తాదా?"

"అమలే, అమ్మో! రొట్టె సాయంత్రం నేను తెస్తాను. రేపు పొద్దున్న గది సంగతి చెప్తానంది కదా ఆవిడ. ఇవాళ ఒక్క రోజు, ప్లీజ్, బొమ్మలా కూర్చో."

బొమ్మలాగే కూర్చున్నాను. మా మనవరాలు మెట్లు దిగే చప్పుడు ఆగేదాకా.

ఆ రోజుల్లో అని మొదలుపెడితే ఎప్పటి మాటో అనుకుంటారు. ఇది పోయినేటి సంగతే. అందరికీ చిన్నతనం చిన్నప్పుడే వస్తుంది, నాకు అప్పుడు రాలేదు. మూడో తరగతిలో ఉండగా మా నాన్న పలక పక్కన పెట్టించి, దుకాణంలో చింతపండు గింజలు తీయడానికి కూర్చోబెట్టాడు. అక్కడినుంచి లేచేసరికి పెళ్ళి, పిల్లలు, మళ్ళీ దుకాణం. అల్లరి చేయాలంటే తీరిక ఉండాలి కదా. ఆ తీరిక నాకు అరవై ఎనిమిదో ఏట, స్పెయిన్ దేశంలో సాలమాంకా అనే ఊళ్ళో, మూడంటే మూడు రోజులు దొరికింది. అందుకే దీన్ని నా చిన్ననాటి ముచ్చట అనే చెప్పుకుంటాను. నవ్వేవాళ్ళు నవ్వండి, నేనేమీ అనుకోను.

మా అమ్మాయి కూతురు (ఇంట్లో బుజ్జి అంటాం) ఆ ఊరి యూనివర్సిటీలో ఒక ఏడాది చదివింది. ఎనిమిది వందల ఏళ్ళ నాటి యూనివర్సిటీ అట. చదువు అయ్యాక అక్కడే ఇంకో ఏడాదికి పని దొరికితే, వచ్చి చూసి వెళ్ళమని కాయితాలు పంపింది. నేనూ మా అమ్మాయీ ఇద్దరం వీసాకి పెట్టాం. దానికి రాలేదు, నాకు వచ్చింది. (వయసులో ఉన్నవాళ్ళు వెళ్తే తిరిగి రారని వాళ్ళ అనుమానమట. నన్ను చూసి, ఈవిడని అక్కడ ఎవరూ ఉంచుకోరులే అని ధైర్యపడి ఉంటారు.) బుజ్జి అడిగినవన్నీ పెట్టెలో సర్దాను, ఉసిరికాయ పచ్చడి, ఎండు రొయ్యల పొడి, అరగదీసి మొహానికి రాసుకునే తనకా చెక్క. అది అడగనిది ఒక్కటే పెట్టాను. తాడు.

తాడు ఎందుకో చెప్పాలి. రంగూన్లో లత పేటలో మాది అయిదో అంతస్తు, లిఫ్టు లేదు. మాకే కాదు, వీధి మొత్తానికి లేదు. అందుకని ప్రతి బాల్కనీ నుంచీ వీధిలోకి ఒక తాడు వేలాడుతుంది, కింది కొసకి క్లిప్పు, పై కొసకి గంట. పేపరు మనిషి పేపరు క్లిప్పుకి తగిలించి తాడు గుంజితే పైన గంట మోగుతుంది, మనం లాక్కుంటాం. పొద్దున్న తినే మోహింగా, అదే చేపల పులుసు సేమ్యా పొట్లం, కొత్తిమీర కట్ట, కరెంటు బిల్లు, చుట్టాలొస్తే వీధి తలుపు తాళంచెవి, అన్నీ ఆ తాడు మీదే ఎక్కి దిగుతాయి. తాడు లేని మేడ ఇల్లు ఒకటి ఉంటుందని నాకు తెలియనే తెలియదు. బుజ్జి ఫోనులో "నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు" అనగానే పప్పు బస్తాల మూతులు కుట్టిన పురికొసంతా ఏరి, మూడు పేటలు వేసి పేనాను. ఎయిర్‌పోర్టులో పెట్టె తెరిపించిన పిల్ల గంట ఎత్తి పట్టుకుని ఇదేమిటంది. దేవుడిదన్నాను. (ఆ దేవుడు క్షమించుగాక.)

ఊరు చేరిన మర్నాడు బుజ్జి నన్ను ఊరంతా తిప్పింది. ఏ గోడ చూసినా పాకం పట్టిన బెల్లం రంగు. ఎండ వాలుతుంటే ఆ రాళ్ళు లోపల దీపం పెట్టినట్టు మెరుస్తాయి. మధ్యలో నాలుగు వైపులా తోరణాల్లాంటి వరండాలతో పెద్ద చౌకు ఉంది, అక్కడ జనం ఏ పనీ లేకుండా కూర్చుని దాన్నే పనిలా చేస్తున్నారు. నేను కూడా పావుగంట చేసి చూశాను, బాగానే ఉంది. పెద్ద చర్చి ఒకటి కాదు, రెండు. పాతది పడగొట్టకుండా దానికి ఆనించి కొత్తది కట్టారట. "ఒక గోడ కట్టే కర్సు మిగుల్చుకున్నారే, బుర్రున్నోళ్ళు" అన్నాను. బుజ్జి నవ్వి, ఇక్కడి ప్రొఫెసర్లు ఈ మాట చెప్పడానికి గంట తీసుకుంటారంది. ఆ తర్వాత యూనివర్సిటీ గుమ్మం దగ్గరికి తీసుకెళ్ళింది. గుమ్మం పైన గోడ నిండా రాతి లతలు, రాజులు, రాణులు, పుర్రెలు. కింద ఓ వందమంది మెడలు వెనక్కి వంచి నిలబడ్డారు.

"ఏటి పోయిందే ఈళ్ళకి?"

"అక్కడో పుర్రె మీద చిన్న కప్ప ఉంటుంది అమ్మమ్మా. ఎవరూ చూపించకుండా కనిపెడితే పరీక్ష పాసవుతారని నమ్మకం."

"కప్పని సూడ్డానికి ఇంత దూరం రావాలా? వానాకాలం మన రంగూన్లో బోటాటౌంగ్ గుడికి ఎల్తే మెట్టుకొకటి కూకుంటాది."

అన్నానే గానీ, మెడ నేనూ వంచాను. ముప్పావు గంట వెతికాను. దొరకలేదు. పక్కనున్న చంటిదాని వేలు ఎటు పోయిందో చూసి దొంగతనంగా కనిపెట్టాను. బుజ్జితో మాత్రం నేనే చూశానని చెప్పాను. ఆ పైన పాత వంతెన దాకా నడిచి వెనక్కి వచ్చేసరికి నా మోకాళ్ళు రెండూ నాతో మాటలు మానేశాయి.

ఆ మోకాళ్ళతో తొంభై ఎనిమిది మెట్లు ఎక్కుతుంటే రెండో అంతస్తులో తలుపు తెరుచుకుని ఇంటావిడ బయటికి వచ్చింది. నా ఈడే ఉంటుంది. నల్ల గౌను, నిటారు నడుము, మెడలో గొలుసుకి వేలాడే కళ్ళజోడు. మా ఊళ్ళో పెద్దావిడని పిలవాలంటే పేరు ముందు 'డో' అనాలి. ఆవిడ పేరు నాకు నోరు తిరగలేదు, 'డో సెన్యోరా' అన్నాను. ఆవిడ నన్ను నెత్తి నుంచి చెప్పుల దాకా చూసి, బుజ్జితో ఏదో చెప్పి తలుపు వేసేసుకుంది. ఆ మాట ఇది: బుజ్జికి ఈ గది ఇంకో ఏడాది ఇవ్వాలో వద్దో ఎల్లుండి పొద్దున్న చెబుతుందట. ఆ గది పోతే దానికి ఊరి బయట, బస్సు మీద గంట ప్రయాణంలో, నలుగురితో కలిసి ఉండే ఇరుకు గది ఒకటే గతి. ఏడాదిగా అది ఆ ఇంట్లో పిల్లిలా అడుగు తీసి అడుగు వేసింది, పాట పెట్టలేదు, చుట్టాన్ని పిలవలేదు. పిలిచిన మొదటి చుట్టాన్ని నేను.

ఇంత తెలిసీ తాడు కట్టాను. ఎందుకు కట్టావంటే చెప్పలేను. చెయ్యి ఊరుకోలేదు, అంతే.

ఎదురుగా రొట్టెల కొట్టుంది. అందులో పనిచేసే లావుపాటి మనిషి గుమ్మంలో నిలబడి వీధి చూస్తోంది. నిన్నటి రొట్టె చుట్టిన ఖాళీ కాయితంలో డబ్బులు పెట్టి, సంచీలో వేసి, క్లిప్పుకి తగిలించి దింపాను. రెండో అంతస్తు కిటికీ దగ్గర మాత్రం గోడకి దూరంగా జరిపి దించాను. ఆ మనిషి సంచీ వైపు చూసింది, నా వైపు చూసింది, చెంప మీద చెయ్యి వేసుకుంది. వేలితో తాడు గుంజే సైగ చేసి చూపించాను. రొట్టె తెచ్చి వేసి గుంజింది. గంట మోగింది. రంగూన్లో ఉన్నట్టే ఉంది నాకు. ఇంత సుఖమైన సంగతి ఎనిమిది వందల ఏళ్ళ చదువులో ఒక్కడికీ తట్టలేదే అని జాలిపడ్డాను కూడా.

తర్వాత ఏం జరిగిందో అప్పుడు నాకు తెలియదు. రొట్టెల మనిషి చూసి, సాయంత్రం బుజ్జికి చెప్పింది. ఊరు చూపించే గైడు ఒకామె, మూసిన గొడుగు పైకెత్తి పట్టుకుని, వెనకాల పాతికమందిని వేసుకుని అటు వచ్చిందట. అందులో ఒకాయన తాడు చూసి ఇదేమిటని అడిగాడట. తెలియదు అనడానికి ఆమెకి మొహమాటం వేసి, పూర్వం పేద విద్యార్థులు అన్నం ఇలాగే పైకి లాక్కునేవారు, ఆ ఆచారం మిగిలిన ఇల్లు ఇదొక్కటే అని చెప్పేసిందట. అక్కడే నిలబడి విన్న ఇద్దరు కాలేజీ పిల్లలు నవ్వుకుని, నోటుపుస్తకంలో కాయితం చించి ఏదో రాసి, క్లిప్పుకి తగిలించి తాడు గుంజారట.

నాకు తెలిసింది ఒక్కటే. గంట మోగింది, లాగాను, కాయితం వచ్చింది. అక్షరాలు ఒక్కటీ తెలియవు. కానీ తాడు మీద ఎక్కి వచ్చిన కాయితం నా జన్మలో ఎప్పుడూ మంచి మాట చెప్పలేదు. కరెంటు బిల్లు, నీళ్ళ బిల్లు, వార్డు ఆఫీసు నోటీసు. ఫైన్ వేస్తారంది కదా బుజ్జి! వేసేశారు.

తాడు తీసేద్దామని ముడి మీద చెయ్యి వేశాను. అంతలో ఆలోచన వచ్చింది. తాడు లేకపోతే రెండో నోటీసు మెట్లెక్కి వస్తుంది. వస్తూ వస్తూ రెండో అంతస్తు తలుపు కొడుతుంది. కాబట్టి డో సెన్యోరా కంట పడకముందే వచ్చినవి వచ్చినట్టు లాగేసుకోవడమే మేలు. ఇదీ నా తెలివి. క్లిప్పు కిందికి దింపాను. గంట. లాగాను. గంట. లాగాను. నేను ఎంత గబగబా లాగితే కింద అంత చప్పట్లు. బాల్కనీ లోంచి తొంగి చూస్తే వీధి నిండా పిల్లలు, వరసగా నిలబడి ఉన్నారు. నోటీసు ఇవ్వడానికి ఇంతమంది ఆఫీసర్లా, అందులో సగంమందికి మీసాలైనా రాలేదే అని ఒక్క క్షణమైనా అనుకోవాలా? అనుకోలేదు. భయంలో ఉన్నాను. "ఏటర్రా, ఒక్క తాడుకి ఎన్ని నోటీసులు? మీకు మనవలు లేరేటి, మనసు లేదేటి?" అని పైనుంచి కేకలు వేశాను. వాళ్ళు చేతులూపారు. కాయితాలన్నీ బుజ్జి అన్నం వండుకునే కుక్కర్లో కుక్కి మూత పెట్టాను.

మధ్యాహ్నం దాటాక తలుపు టకటకా మోగింది. డో సెన్యోరా. రెండు అంతస్తులు ఎక్కి రావడంతో రొప్పుతోంది, అయినా నడుము వంగలేదు. చూపుడు వేలు తాడు వైపు చాచి మొదలుపెట్టింది. ఆవిడది స్పానిష్, నాది తెలుగు, కోపం పెరిగే కొద్దీ బర్మీస్. అర్థం కాలేదన్న మాటే గానీ ఒక్క మాటకి కూడా జవాబు బాకీ ఉంచలేదు ఇద్దరం.

"సూడమ్మా, ఏలు దించు. నాను దొంగని కాదు. మీ మెట్లు సూడు ముందు. మనిసి ఎక్కే మెట్లేనా అవి?" అని, మాట అందడం లేదని నడుముకి చుట్టుకున్న తమేన్ లుంగీ మోకాళ్ళ దాకా ఎత్తి చూపించాను. రెండూ పనసకాయల్లా వాచి ఉన్నాయి. ఆవిడ వేలు ఆగింది. నా మోకాళ్ళు చూసింది. చూసి, ఇదీ ఒక మోకాలేనా అన్నట్టు పెదవి విరిచి, తన నల్ల గౌను పైకి లాగి కుడి మోకాలు చూపించింది. మీద జానెడు కుట్టు మచ్చ. నేను ఎడమది మడిచి టక్కుమనిపించాను. ఆవిడ తనది మడిచింది. అది తలుపు గడియలా చప్పుడు చేసింది. ఒప్పుకోవాల్సి వచ్చింది.

సరిగ్గా అప్పుడే వచ్చింది బుజ్జి.

"అమ్మమ్మా! ఏటిది? ఇద్దరూ మోకాళ్ళు చూపించుకుంటున్నారేటి?"

దాని మొహం చూడగానే నా పొగరంతా దిగిపోయింది. ఏడాదిగా కాపాడుకున్న గది, నేను మూడు రోజుల్లో పోగొట్టాను. "బుజ్జీ, తప్పయిపోనాదే" అన్నాను. (మా ఇంట్లో ఆ మాట నా నోట విన్నవాళ్ళు ఎవరూ లేరు. అది చేతిలో సంచీ వదిలేసింది.) "నోటీసులొచ్చేయి. ఒకటి కాదు, కుక్కరెడు. నీకు తెలీకుండా దాసీసినాను" అని మూత తీశాను.

బుజ్జి ఒక కాయితం తీసి చదివింది. ఇంకొకటి చదివింది. మూడోది చదువుతూ నేల మీద కూలబడింది. ఏడుస్తోందనుకుని నేను దాని తల నిమిరాను. ఏడుపు కాదు. నవ్వుకి భుజాలు ఊగిపోతున్నాయి. డో సెన్యోరా కళ్ళజోడు ఎక్కించుకుని, దాని చేతిలోంచి కాయితం లాక్కుని పైకి చదివింది. బుజ్జి ఊపిరి పీల్చుకుంటూ నాకు తెలుగులో చెప్పింది. "రోమన్ లా పేపరు ఈ మూడోసారైనా గట్టెక్కించు తల్లీ." ఇంకోటి. "గురువారం వైవాకి వచ్చే ప్రొఫెసరుకి జలుబు చేయించు, జ్వరం వద్దు." ఇంకోటి. "లైబ్రరీలో నా ఎదురుగా కూర్చునే అమ్మాయి ఒక్కసారి తలెత్తాలి." కప్ప దొరకని పిల్లలంతా నా తాడు పట్టుకున్నారన్నమాట!

డో సెన్యోరా ఒక్కొక్కటే చదువుతోంది. నవ్వు మాత్రం లేదు. ఒక కాయితం దగ్గర ఆగి, కళ్ళజోడు మీదుగా బుజ్జి వైపు చూసి ఏదో అడిగింది. బుజ్జి కంగారుగా అడ్డంగా తల ఊపింది. అందులో ఉన్నది, "మా ఇంటావిడ ఈ ఏడు అద్దె పెంచకూడదు" అని. ఆవిడ అడిగింది, ఇది నీ రాతేనా అని. కాదు కాదని నేను కూడా రెండు చేతులూ ఊపాను. ఆవిడ ఆ ఒక్క కాయితం మడిచి గౌను జేబులో పెట్టుకుని, మిగతావి జాగ్రత్తగా కుక్కర్లో పెట్టి, మెట్లు దిగిపోయింది.

"ఏటన్నాదే?"

"ఏమీ అనలేదు అమ్మమ్మా. అదే భయం."

ఆ సాయంత్రం రొట్టె అలాగే మిగిలిపోయింది. అది నన్ను తిట్టినా బాగుండును. నేను దాని తలకి నూనె పెట్టి, చిక్కు తీసి జడ వేశాను. ఇంతకంటే సంజాయిషీ నాకు చేతకాదు. తర్వాత కుక్కర్లో కాయితాలు అలా వదిలేయడానికి మనసొప్పలేదు. ఎవరో పిల్లలు, నమ్మి అడిగారు. బుజ్జిని ఒక్కొక్కటే చదవమని, అగరొత్తి వెలిగించి, ప్రతి ఒక్కరి కోసం దేవుణ్ణి అడిగాను. రోమన్ లా అంటే ఏమిటో దేవుడికైనా తెలుసో లేదో గానీ అడిగాను. ప్రొఫెసరు జలుబు మాత్రం వదిలేశాను, పాపం ఆయనకీ ఒక తల్లి ఉంటుంది.

"మన గది కోసం అడగవా?" అంది బుజ్జి.

"అడుగుతాను. వాళ్ళు ముందొచ్చేరు, వరస వరసే."

మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి డో సెన్యోరా పైకి వచ్చింది. చేతిలో సంతకం పెట్టాల్సిన కాయితం ఉంది. మూడు మాటలు చెప్పింది. బుజ్జి ఒక్కొక్కటే నాకు చెప్పింది. అమ్మాయికి గది ఇంకో ఏడాది ఇస్తుంది, అద్దె పాతదే. తాడు ఇప్పుడే తీసేయాలి, కింద అప్పటికే ఎనిమిది మంది ఉన్నారు. అమ్మమ్మ మళ్ళీ వస్తే మాత్రం గది పై అంతస్తులో ఇవ్వదు, కింద తన ఇంట్లో ఇస్తుంది, తన కళ్ళ ఎదుట ఉండాలి. బుజ్జి సంతకం పెట్టింది. నేను ముడి విప్పాను. వానాకాలపు గాలికి తట్టుకోవాలని వేసే ముడి, విప్పడానికి చాలాసేపు పట్టింది. గంట చివరిసారి దానంతటదే మోగితే కింద పిల్లలు "ఓ" అన్నారు.

పదకొండింటి బస్సుకి ఎయిర్‌పోర్టుకి బయల్దేరాం. కిటికీ పక్క సీటు కోసం బుజ్జితో దెబ్బలాడి గెలుచుకున్నాను. బెల్లం రంగు గోపురాలు కనబడినంతసేపూ ముక్కు అద్దానికి ఆనించి చూశాను, అద్దం మీద ఆవిరి పడితే చేత్తో తుడిచి మళ్ళీ చూశాను. ఇప్పుడు లతలో దుకాణం గల్లా దగ్గర కూర్చుని అద్దానికి ముక్కు ఆనించిన ఆ ముసలమ్మని, అదే నన్ను నేను, తలుచుకుంటే, "ఏటా కూకోడం, సరిగ్గా కూకో" అని గదమాలనిపిస్తుంది. గదమను. ఇంకాసేపు చూడనిస్తాను.